అప్పన్న బావ నాగాలు

మా జూట్ మిల్లులో రెండు సెక్షన్లను కలిపేస్తున్నారు. ఎవరిని తీసెయ్యాలో సిఫార్సులతో కాకుండా నిరుటి హాజరు చూసి తేలుస్తామని మేనేజరు అన్నప్పుడు, అదే న్యాయమని మేమంతా చప్పట్లు కొట్టాం. ఈ రోజు పొద్దున్న గేటు దగ్గర తీసేసేవాళ్ల జాబితా అంటించారు. అందులో మొదటి పేరు, నా మగ్గం మీదే నాకు ముందు షిఫ్టు చేసే అప్పన్న బావది.

నిరుడు మా అమ్మ విజయనగరం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నా షిఫ్టు కూడా నా పేరు మీద చేసింది ఆయనే. మా మిల్లులో ఒకరికొకరం అలా నిలబడటం మామూలే, మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. రెండేసి షిఫ్టులు చేసి ఒళ్లు హూనమై, బావ మర్నాడు తన డ్యూటీకి లేవలేక, నా షిఫ్టు వేళకే వచ్చేవాడు. ఆ నాగాలే ఇప్పుడు ఆయన మెడకు చుట్టుకున్నాయి.

"ఆఫీసుకెల్లి నిజం సెప్పేస్తాను బావా," అన్నాను.

"సెప్తే ఏటవుతాది? దొంగ హాజరని ఇద్దర్నీ గెంటేస్తారు. నోర్మూసుకుని పనికెల్లు," అని సైకిలెక్కాడు.

వెళ్లాను. మరేం చెయ్యను?

సాయంత్రం మేనేజరు అందర్నీ నిలబెట్టి, నిరుడంతా ఒక్క నాగా లేని మనిషినని నాకు చప్పట్లు కొట్టించాడు. మీరైతే ఆ చప్పట్ల మధ్య ఎటు చూసేవారో చెప్పండి.