ఐదు గంటల పన్నెండు నిమిషాల చిత్రం

పెరుమాళ్ళ ఎదుట పాశురాలు చెప్పే నోరు ఇది. ఈ నోటితో కట్టుకథ చెబితే నాకే మంచిది కాదు. మీరు నమ్మకపోయినా సరే, జరిగింది జరిగినట్టే చెబుతాను. కాస్త ఆ ఫ్యాను ఆపండి... కొన్ని చప్పుళ్ళ గురించి చెప్పాలి.

మాది ఐరాల దగ్గర పల్లె. ఇంట్లో నేనూ, మా తమ్ముడు వరదూ. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కుదరలేదు. తర్వాత మేమే వెతకడం మానేశాం. నేను గుడిలో పాశురాలు చెప్పే గోష్ఠిలో కూర్చునేవాణ్ణి. వాడు హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. మిద్దె మీద ఒక ఆకాశం కెమెరా పెట్టుకున్నాడు. అరచేతిలో పట్టేంత చిన్న కంప్యూటరు బోర్డు, పైకి చూసే కెమెరా, దాని మీద బోర్లించిన గిన్నె లాంటి ప్లాస్టిక్ బుడగ. రాత్రంతా నిమిషానికొక చిత్రం తీస్తుంది. తెల్లవారుజామున బుడగ మీద మంచు పడుతుంది కదా... వరదు మిద్దెక్కి తుండుగుడ్డతో తుడిచేవాడు. ఆ నిమిషం చిత్రంలో నక్షత్రాలుండవు. వాడి చేయి ఉంటుంది. 'ఆకాశానికి మొగం కడుగుతా ఉండానన్నా' అనేవాడు.

ధనుర్మాసంలో ఒకరోజు అలా మిద్దె మీదికి వెళ్ళినవాడు మెట్ల మీద పడిపోయాడు.

నేను గుడిలో ఉన్నాను. పక్కింటి రెడ్డెమ్మ వాకిట్లో కల్లాపి చల్లుతూ చూసిందట. ఆమె భర్త వచ్చి, కరెంటు కొట్టిందేమోనని ముందు మెయిను దించేశాడు. ఆమె గుడికి పరిగెత్తుకొచ్చింది. గడప బయట నిలబడి చేత్తో రమ్మంది. గుడి గడియారంలో ఐదున్నర. కారు తాళాలు నా సంచిలో ఉన్నాయి.

నేను చూశాను. లేవలేదు. పాశురాలు ముగించే సాత్తుమొర జరుగుతోంది. గోష్ఠి మధ్యలో లేవకూడదని చిన్నప్పుడే నేర్పారు... చివరి పాశురం అయ్యేదాకా కూర్చున్నాను. పది నిమిషాలు.

ఆసుపత్రిలో డాక్టరు, ఎప్పుడు పడ్డాడని అడిగాడు. ఎవరికీ తెలియదు. పడిన అరగంట లోపల తెచ్చి ఉంటే వేరుగా ఉండేదన్నాడు. మేము చేరేసరికి ఆరుకు పది నిమిషాలు ఉంది.

వాడు నాలుగున్నరకే పడి ఉంటే నా పది నిమిషాలకు లెక్క లేదు. ఐదుంబావుకు పడి ఉంటే... ఉంది. వాడు బుడగ తుడిచిన చిత్రం దొరికితే, దాని మీద టైము ఉంటుంది. నాకు కావలసింది అదొక్కటే. నలభై రోజులు అదే ఆలోచన. ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. వంట చేసి, ఒక్క విస్తరి వేసుకుని, చెప్పుకోవడానికి ఎవరూ లేక రేడియో పెట్టుకునేవాణ్ణి.

బోర్డు మాత్రం పనిచేయలేదు. ఎర్రదీపం వెలుగుతుంది, పచ్చదీపం మిణుకుమనదు. వరదు స్నేహితుడు మునిశేఖర్ ఏర్పేడు దగ్గర కంప్యూటర్లు బాగు చేస్తాడు. ఒక రాత్రి పని దిగాక ఫోన్ చేసి, బోర్డు ఉన్న పెట్టె తెరవమన్నాడు. లోపల అడుగున తడి ఆరిన మరక. వాన పడిందా అన్నాడు. లేదన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. పదమూడో రోజు పుణ్యాహవాచనం అయ్యాక, ఆ నీళ్ళు మామిడాకుతో ఇల్లంతా చల్లాను. మిద్దె మీదా చల్లాను. వాడు ముట్టుకున్న వస్తువు కదా అని ఆ పెట్టె మూత తీసి మరీ...

"కంప్యూటరుకు గూడా మైల తీసేసినారా స్వామీ," అన్నాడు మునిశేఖర్. నవ్వబోయి ఆగిపోయాడు.

మెమరీ కార్డును ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను. అంతా చెరిపేయమంటావా అని అడిగింది. భయపడి లాగేశాను. మునిశేఖర్ చెప్పినట్టే కార్డు మీది బంగారు రంగు రేకు గీతలను పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. బోర్డును బట్టతో తుడిచి, కొత్త అడాప్టరు పెట్టి, మిద్దె మీద మళ్ళీ బిగించాను. అప్పటికి అర్ధరాత్రి దాటి గంటన్నర అయింది. బుడగ మీద మంచు దట్టంగా ఉంది. తుడవలేదు. తుడవబుద్ధి కాలేదు. కిందికి వచ్చి వరదు గదిలో కూర్చుని, వాడి ల్యాప్‌టాప్‌కు తీగ కలిపి, స్విచ్ వేశాను.

పేజీ తెరుచుకుంది. తేదీ చూశాను. వాడు పోయిన రోజు తేదీ. టైము ఉదయం ఐదు.

మునిశేఖర్‌కు చెప్పాను.

"దానికి సొంతంగా గడియారం లేదు స్వామీ. నెట్టు ఉంటే అడిగి తెలుసుకుంటాది. మీ ఇంట్లో నెట్టు లేదు గదా. లేకుంటే గంటకోసారి టైము రాసి పెట్టుకుంటాది. కరెంటు పొయ్యే ముందర ఆఖరుగా యాడ రాసుకునిందో, ఆడ్నించే మొదలుపెడతాది. బయపడొద్దు. పొద్దున్నే మాట్లాడదాం," అని పెట్టేశాడు.

నేను ఒక్కణ్ణే. తెర మీద మొదటి చిత్రం వచ్చింది. తెల్లగా... మంచు తప్ప ఏమీ లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టలేదు. ఊళ్ళో కుక్క కూడా మొరగడం లేదు. గోడకు ఆనుకుని, మనసులో అష్టాక్షరి అనుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు వినిపించింది.

కీచ్...

తడి ప్లాస్టిక్ మీద గుడ్డ జరిగిన చప్పుడు. కాస్త ఆగి... మళ్ళీ కీచ్...

మంత్రం మధ్యలో ఆగిపోయింది. పైకప్పు వైపు చూశాను. అడుగుల చప్పుడు లేదు. గుడ్డ చప్పుడే. మూడుసార్లు. వరదు ఎప్పుడూ మూడుసార్లే తుడిచేవాడు... లేదా నాకు అలా అనిపిస్తోందేమో. ఇప్పుడు చెప్పలేను.

లేవాలి. లేవలేకపోయాను. ఆరోజు గుడిలోనూ ఇలాగే... కాళ్ళు కావాలని ఆపితే ఆగాయి. ఈసారి వాటంతట అవే ఆగాయి.

తెర మీద కొత్త చిత్రం వచ్చింది. నక్షత్రాలు. ఒక పక్కంతా శుభ్రంగా, గుచ్చినట్టు నక్షత్రాలు.

ఎలాగో మెట్లెక్కాను. ఒక్కో మెట్టూ చల్లగా ఉంది. పైన ఎవరూ లేరు. పిట్టగోడ మీద మంచు చెదరలేదు. టార్చి వేసి చూశాను. బుడగ సగం ఆరి మెరుస్తోంది. చేయి పెట్టాను. అడుగున కొద్దిగా వెచ్చగా ఉంది. మంచు ఆరడానికి వరదు లోపల చిన్న వేడి తీగ పెట్టాడు. అది పనిచేసి ఉండొచ్చు. చప్పుడు గబ్బిలానిది కావచ్చు. కావచ్చు...

"వరదూ," అని పిలిచాను. నిజం చెబుతున్నాను, జవాబు వస్తుందన్న భయం కన్నా, రాలేదన్న బాధే ఎక్కువగా ఉండింది.

కిందికి వచ్చి ఆ తేదీ చిత్రాలన్నీ తెరవడం మొదలుపెట్టాను. నీళ్ళ దెబ్బకు చాలావరకు తెరుచుకోలేదు. బూడిద రంగు పలకలు. ఐదు గంటల పన్నెండు నిమిషాలది తెరుచుకుంది.

అందులో చేయి ఉంది.

తుండుగుడ్డ అంచు, నాలుగు వేళ్ళు. వెనక అంతా తెల్లటి మంచు. ఒక్క నక్షత్రం కనిపించినా ఏ రాత్రిదో చెప్పేవాళ్ళు ఉంటారు. ఒక్కటీ లేదు. చేయి ఉన్న చిత్రం అదొక్కటే.

తమ్ముడు పోయిన తెల్లవారుజాము నాటిదా? ఆ రాత్రి, నేను స్విచ్ వేసిన పన్నెండు నిమిషాలకు తీసిందా? రెండింటికీ ఒకటే తేదీ, ఒకటే టైము. నేను లేచి మునిశేఖర్‌కు ఫోన్ చేసేసరికి కోడి కూస్తోంది. అంతా విన్నాడు.

"కార్డు పంపించండి స్వామీ. అది ఎప్పుడు రాసిందో తవ్వి తీసేవాళ్ళు ఉండారు. తేల్చుకుందాం," అన్నాడు.

పంపలేదు. మూడు నెలలైంది. కార్డు తీసి కాగితంలో చుట్టి దాచాను.

అది పాత చిత్రమే అయితే, ఐదుంబావు దాకా నా తమ్ముడు బాగానే ఉన్నాడు. రెడ్డెమ్మ పిలిచినప్పుడే లేచి ఉంటే అందేవాడు. అలాగైతే వాడు స్వామి పాదాల దగ్గర ఉన్నాడు, తప్పు నాది. అది ఆ రాత్రిదే అయితే నా మీద తప్పు ఉండకపోవచ్చు. కానీ అన్ని కర్మలూ చేసి, అన్ని మంత్రాలూ చెప్పి సాగనంపిన నా తమ్ముడు ఎక్కడికీ చేరలేదు. ఆ చలిలో, ఆ మిద్దె మీదే ఉన్నాడు.

రోజూ దీపం పెట్టి నిలబడతాను. ఆ చేయి ఏ రాత్రిదై ఉండాలని అడగాలో తెలియదు... ఏమీ అడగకుండానే చేతులు దించేస్తాను.