ఊట మీద నింద

చనిపోయే ముందు రోజు శుక్రవారం. సంత నుంచి తిరిగి వస్తూ మా మేనత్త యర్రమ్మ, జంక్షన్‌లోని సుబ్బారావు కొట్లో లీటరు నీళ్ల బాటిల్ ఒకటి కొన్నది. ఇంటికొచ్చి మూత తిప్పి, ఆ నీళ్లను ఎండిన ఆనపకాయ బుర్రలోకి ఒంపింది. ఖాళీ బాటిల్‌ను తడిక అవతలికి విసిరింది. బుర్రను గుంజకున్న మేకుకు తగిలించి, చేతులు చీరకు తుడుచుకుని, పొయ్యి ముందు కూర్చుంది. తెల్లారేసరికి ఆమె లేదు. బుర్రలో నీళ్లు సగానికి పైగా అలాగే ఉన్నాయి.

కొన్న నీళ్లు తాగడం ఇప్పుడెవరికీ వింత కాదు. కానీ ఆమె నలభై ఏళ్లు ఊటను కాచిన మనిషి.

మా ఊరు ఉసిరిగుడ, అరకు నుంచి మూడు మైళ్లు. ముప్పై గడపలు. ఊరికి పైన, కొండ నడుములో, రాయి పగిలిన చోట ఊట ఉంది. దాన్ని శుభ్రంగా ఉంచే పని మా అత్తకు ఆమె అత్తగారి నుంచి వచ్చింది. అందరికంటే ముందు లేచి, రాలిన ఆకులు ఏరి, అడుగున పేరుకున్న ఒండ్రును చేత్తో తీసేది. జీతం లేదు. కొత్తల పండగకు ఇంటికో గిన్నెడు కొత్త సామలు ఇచ్చేవాళ్లు. అంతకంటే ఎక్కువ అడగాలని ఆమెకు తోచలేదు.

ఊటకు కొన్ని కట్టుబాట్లున్నాయి. చెప్పులతో ఎక్కకూడదు. బుర్ర తప్ప మరేదీ ముంచకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్కడ ఏదీ కడగకూడదు. కుండయినా బిందయినా కింద గెడ్డలో తోముకుని, పైకెక్కి, బుర్రతో ముంచి పోసుకోవాలి. గెడ్డ అంటే వేరే ఏమీ కాదు, ఆ ఊట నీరే కిందికి దిగి పారే వాగు. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది ఆమే. ఏడేళ్లప్పుడు ఒకసారి ఊట దగ్గర కాళ్లు కడుక్కోబోయాను.

"ఏటి సేత్తన్నావే గుంటా? నీ కాళ్ల కోసం పుట్టేయా ఆ నీళ్లు?"

ఆ రోజు నాచేత ఆరు కుండలు మోయించింది. నేను చదువుకుని, అరకులో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో టీచరునయ్యాక కూడా నన్ను గుంటా అనే పిలిచేది.

తొంభై తొమ్మిదిలో గెడ్డ ఒడ్డున లాడ్జి వెలిసింది. ఊరికి పైన, ఊటకు కింద. గేటు మీద 'ప్రకృతి ఒడిలో' అని రాయించారు. ఆ ఒడిలోకే మరుగుదొడ్ల గొట్టం వదిలారు. పూలకుండీల వెనక నుంచి వచ్చి గెడ్డలోకి వంగిన ఆ గొట్టం దారిన పోయే గుడ్డివాడికి కూడా వాసనతో తెలిసేది. లాడ్జిని మెచ్చుకుంటూ పుస్తకంలో సంతకాలు చేసిపోయిన పెద్దమనుషుల్లో ఒక్కరి ముక్కుకూ అది తగల్లేదు.

లాడ్జితో పాటు బాటిళ్లొచ్చాయి. వారానికి రెండుసార్లు లారీ ఘాట్ రోడ్డు మీద మూలుగుతూ, డీజిలు కక్కుతూ ఎక్కేది. కొండల్లోంచి తనంతట తాను కిందికి పోయే నీటిని అంత శ్రమపడి మళ్లీ కొండకు తెచ్చేవాళ్లు. దాన్ని నాగరికత అన్నారు. సముద్రం ఒడ్డున నింపిన ఆ బాటిల్ మీద మంచు కొండ బొమ్మ ఉండేది. మంచు కొండను ఆ నింపినవాడూ చూసి ఉండడు, తాగినవాడూ చూసి ఉండడు. తాగి పారేసినవి గెడ్డలో పేరుకునేవి. ఎక్కువైనప్పుడు లాడ్జివాళ్లు కుప్పపోసి తగలబెట్టేవాళ్లు. ఆ నల్లటి పొగ మా పొలాల మీదుగా పోతుంటే పర్యాటకులు కిటికీలు మూసుకునేవాళ్లు, స్వచ్ఛమైన గాలి కోసం వచ్చినవాళ్లు కదా.

వాళ్లలో కొందరు ఊట దాకా నడిచి వచ్చేవాళ్లు. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. టోపీ పెట్టుకున్న ఒకాయన, భార్య, మెడలో కెమెరా.

"ఈ నీళ్లు తాగొచ్చా?" అని అడిగాడు.

అత్త బుర్ర ముంచి చాపింది. "తాగు బాబూ. సల్లగుంటాయి."

"వద్దండీ, ఏం పురుగులున్నాయో," అంది భార్య.

ఆయన ఆ నీళ్లతో చేతులు కడుక్కున్నాడు. సంచిలోంచి బాటిల్ తీసి గడగడా తాగి, ఖాళీది ఊటలోకి వదిలాడు. అది అక్కడ తేలింది.

"నీళ్లు కొనుక్కొచ్చి నీళ్లల్లోనే పారేత్తారేటి బాబూ?" అంది అత్త.

ఆమె యాస వాళ్లకు ముద్దొచ్చింది. నవ్వి, ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. అత్త బాటిల్ తీసి, కొంగుకు తుడిచి, పక్కన పెట్టి, ఊట అంతా తోడిపోసింది. మళ్లీ నిండేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు.

రెండువేల నాలుగు వానల్లో ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మా మావ పోతురాజు ఆ రోజుల్లో లాడ్జిలో గడ్డి కోసే పనికి పోయేవాడు. దాహమైతే పక్కనే పారే గెడ్డలో దోసిలి పట్టేవాడు. నీళ్లకోసం కొండెక్కి దిగడానికి మేస్త్రీ ఒప్పుకోడు. రెండో రోజుకే మావ కళ్లు లోతుకుపోయాయి. మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడున్నాయన చెయ్యి పట్టుకోకుండానే చెప్పాడు: "ఒంట్లో నీళ్లయిపోయాయి. బాటిల్ పెట్టాలి. మా దగ్గర బాటిళ్లు లేవు. బయట చూసుకోండి."

బాటిల్ పెట్టడమంటే సెలైన్ ఎక్కించడమని మీకు తెలుసు, నాకు తెలుసు. అత్తకు తెలిసిన బాటిల్ ఒక్కటే. పట్నం వాళ్లు ప్రాణంలా వెంట తెచ్చుకునేది, పిల్లలకు ఇంకేదీ పట్టనివ్వనిది. ఒంట్లో నీళ్లయిపోయినవాడికి అంత గొప్ప నీళ్లు పెట్టమనడంలో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. మావను ఆసుపత్రి అరుగు మీద పడుకోబెట్టి జంక్షన్‌కు పరుగెత్తింది.

"సావుకారూ, బేగి బాటిలొకటియ్యి. మా ముసలోడికి ఒంట్లో నీళ్లయిపోయేయట. డాట్రుబాబు బాటిల్ ఎట్టమన్నాడు."

సుబ్బారావు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నవాడు. ఇద్దరు పిల్లల్ని చదివించినవాడు. ఆసుపత్రిలో బాటిల్ అంటే ఏమిటో తెలియనివాడు కాదు. అంతా విని ఒక్క ప్రశ్న అడిగాడు.

"కూలింగుదా, మామూలుదా?"

"సల్లది ఒద్దు. వొళ్లు కాలతంది," అంది అత్త.

ఇచ్చాడు. ఆమె మూతలో కొంచెం కొంచెంగా పోసి మావ నోట్లో పెట్టింది. మావ బాటిల్ అయిపోకముందే, పొద్దు ఉండగానే పోయాడు. కబురు తెలిసి నేను స్కూలు నుంచి చేరేసరికి ఆమె ఇంకా మూత పట్టుకునే ఉంది.

వారం తరువాత ప్రభుత్వ జీపు వచ్చింది. దిగినవాళ్లు లాడ్జిలో భోంచేశారు, కోడికూర బాగుందన్నారు. తరువాత కొండెక్కి, వేలు కూడా ముంచకుండా, ఊట రాతి మీద ఎర్ర రంగుతో అడ్డగీతలు కొట్టించి, 'ఈ నీరు త్రాగుటకు పనికిరాదు' అని బోర్డు పాతారు. వాళ్ల వెంట దిగుతూ అత్త అడిగింది.

"లాడ్జీ కిందున్నాది, ఊట పైనున్నాది. నీరు కొండెక్కుతాదేటి బాబూ?"

"నీకు తెలీదులేమ్మా," అన్నాడు ఒకడు.

ఆ జీపు వెళ్లిపోయాక ఊరు ఆమె వైపు తిరిగింది. ఊరిపెద్ద సుక్రు మంచివాడే. అతనే నెమ్మదిగా అన్నాడు: "వొదినా, ఈ యేడు నువ్వు ఒండ్రు సరిగ్గా తియ్యలేదేమో. పెద్దదానివైపోనావు గదా."

మర్నాడే అత్త నా దగ్గరికొచ్చింది. అరకు దాకా నడిచి, స్కూలు గేటు దగ్గర నిలబడి. "మీ మావని నా ఊటే సంపిందంతన్నారు. సదువుకున్నావు గదే గుంటా. తేల్చు."

ఇక ఆమెకు కావలసింది అదొక్కటే. విశాఖపట్నంలో నీళ్లు పరీక్ష చేసే చోటు ఒకటి ఉందని నేనే చెప్పాను. ఆదివారం ఊరికి వెళితే ఆమె బుర్ర పట్టుకుని సిద్ధంగా ఉంది.

"బుర్రలో తీసుకెళితే నవ్వుతారత్తా. బాటిల్ కావాలి," అన్నాను.

లాడ్జి కుప్పలోంచి ఒక బాటిల్ ఏరింది. గెడ్డలోకి దిగి, బూడిదా ఇసుకా పోసి ఆడించి, మూడుసార్లు కడిగింది. ఎండకు ఎత్తి చూసి, మళ్లీ ఒకసారి కడిగింది. అప్పుడు చెప్పులు లేని కాళ్లతో పైకెక్కి బుర్రతో ముంచి, ఒక్క చుక్క ఒలకకుండా నింపింది. ఒడ్డున రాయి మీద కూర్చుని నేను అదంతా చూశాను. ఆమె శ్రద్ధ చూసి ముచ్చటపడ్డాను కూడా.

సెలవు దొరికేదాకా ఆ బాటిల్ రెండు రోజులు నా గది కిటికీలో ఉంది. మూడో రోజు పట్నం తీసుకెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన దాన్ని ఒక చూపు చూసి, పేరు రాసుకుని, మిగతా సీసాల పక్కన పెట్టాడు. ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. నాకు తెలియనిదేముందని అడగడం.

పది రోజులకు పోస్టులో కాగితం వచ్చింది. అత్తకు చదివి చెప్పాను. తాగడానికి పనికిరావు. మనుషుల మలంలో ఉండే పురుగులున్నాయి.

"మనుసులదా?" అంది. "రోజూ సూత్తన్నాను గదే. ఎవులు కూకున్నారక్కడ?"

కాగితం నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది రాసినోళ్లు సదువుకున్నోళ్లేనా?"

"అవునత్తా."

"అయితే నిజమేలే," అంది.

మళ్లీ ఆమె ఊట ముఖం చూడలేదు. ఆకులు పడి, కుళ్లి, ఏడాదిలో అది పశువులు దిగే మడుగైంది. ప్రభుత్వం బోరు వేసింది. దాంట్లో నీళ్లు ఎర్రగా ఉండి, తుప్పు వాసన వేసేవి. తాగలేనివాళ్లు సుబ్బారావు దగ్గర కొనడం మొదలుపెట్టారు. అత్త కూడా చేతిలో ఉన్నప్పుడు కొనేది. ఖాళీ బాటిళ్లు తడిక అవతలికే విసిరేది, ఒకప్పుడు ఊటలోంచి ఏరి తుడిచిన చేతులతోనే. ఇంటికి తెచ్చి బుర్రలోకి ఎందుకు ఒంపుతావని ఒకసారి అడిగితే, "ఆ మూత సూత్తే మీ మావ అవుపడతాడే," అంది. అలా మూడేళ్లు బతికి, రెండువేల ఏడు చలికాలంలో, ఆ శుక్రవారం మరునాడు పోయింది. పరామర్శకు వచ్చిన సుబ్బారావు, ఆమె మంచి మనిషి అన్నాడు. అతని పరిచయంలో కొనేవాళ్లంతా మంచి మనుషులే.

రెండువేల తొమ్మిదిలో మా స్కూలు హాస్టల్ ట్యాంకు నీళ్లు పరీక్ష చేయడానికి ఒకాయన వచ్చాడు. ఐసు ముక్కలున్న డబ్బా తెచ్చాడు. కాగితం చుట్టి మూత బిగించిన గాజు సీసా తీసి నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. నేను మూత విప్పి, పక్కనున్న కుళాయి తిప్పి, అలవాటుగా దాన్ని కడగబోయాను.

"అయ్యో, కడక్కండి మేడమ్," అన్నాడు. "అది ఉడకబెట్టి మూసిన సీసా. కడిగితే ఆ కడిగిన నీళ్లే రిపోర్టులోకి వస్తాయి. ఇంకోటి తీస్తానుండండి."

"ఈ సీసాలు ఎక్కడ దొరుకుతాయి?"

"కొనక్కర్లేదు మేడమ్. పరీక్ష చేసేవాళ్లే ఇస్తారు. ముందు వెళ్లి అడగాలి, అంతే."