అవ్వ చిగుళ్ళలో పెట్టిన మందు

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదినీ విసిగించినవి మా అవ్వ చిగుళ్ళు. జొన్నరొట్టె కొరికితే చాలు, ముక్కకు నెత్తురంటేది. అయినా ఆమెకు పొగాకు పొడి తప్ప మరో మందు మీద నమ్మకం లేదు. పొద్దున్నే వేపపుల్లతో బరబరా తోమి, చిగుళ్ళ మీద ఆ పొడి అదిమి, కళ్ళనీళ్ళు కారేదాకా కూర్చునేది. మంట పుట్టకపోతే అది మందే కాదని ఆమె లెక్క. మా వైపు చాలామంది ముసలమ్మల లెక్క అదే.

ఒకరోజు ముందరి పన్ను ఊడి రొట్టెలోనే వచ్చింది. మిగిలినవీ ఇట్లే పోతే గంజి తాగి బతకాల్నా అని అవ్వ ఏడ్చింది. మా అమ్మ ఆమెనూ నన్నూ బస్సెక్కించి రాయదుర్గం పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆవిడ పళ్ళకు పట్టిన గార గీకేసి, చిగురుకూ పన్నుకూ మధ్య పడిన సందుల్లో సన్నటి దారం లాంటి మందు కూరింది. అది అక్కడే ఉండి లోపలి క్రిములను చంపుతుందనీ, తను మళ్ళీ చూసేదాకా అక్కడ పుల్ల గానీ వేలు గానీ పెట్టొద్దనీ, పొగాకు మానాలనీ మరీ మరీ చెప్పింది. అవ్వ బుద్ధిగా తలూపింది.

మర్నాడు పొద్దున ఆ మందు వాకిట్లో పడి ఉంది.

"మంటే లేదు, అదేం మందే? గెలికి పారేసినా," అంది అవ్వ, నోట్లో పొగాకు అదుముకుంటూ.

అమ్మ మళ్ళీ బస్సెక్కించింది. డాక్టరమ్మ చీవాట్లు పెట్టి, మందూ పెట్టింది. అవ్వ మళ్ళీ పీకేసింది. అమ్మ అరిచింది, నాయన అరిచాడు, సందు చూసుకుని నేనూ అరిచి వీపు మీద ఒకటి తిన్నాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

మూడోసారి మందు పెట్టించుకొచ్చిన సాయంత్రం అమ్మ అరవలేదు. ఆ వారమే పెరట్లో అవ్వ అలసంద గింజలు పెట్టింది. మొలకొచ్చిందేమో తవ్వి చూడమని అమ్మ నన్ను పంపింది. నాకంతకంటే ఏం కావాలి! రెండు చేతులతో మన్ను కెలుకుతుంటే అవ్వ చీపురుతో వచ్చింది.

"ఏమే, నీకేం పొయ్యేకాలం? గింజ పెట్టినాక కెలికితే యాడ మొలుస్తాది?"

"దాన్నేమీ అనొద్దత్తా, నేనే కెలకమన్నా," అంది అమ్మ వెనకనుంచి. "నీ చిగుళ్ళలో ఆయమ్మ పెట్టిందాన్ని నువ్వు కెలికి పారేయలేదా?"

అవ్వ చీపురు పక్కన పడేసింది. తర్వాత సణుక్కుంటూ కూర్చుని గింజల మీద మన్ను కప్పింది. ఈసారి మందు జోలికి పోలేదు. పొగాకు మాన్పించడం ఇంకో పెద్ద గొడవ, అది చెప్పడానికి నాకిప్పుడు ఓపిక లేదు. మొత్తానికి చిగుళ్ళు గట్టిపడ్డాయి. మిగిలిన పళ్ళతో అవ్వ చాలా ఏళ్ళు రొట్టె నమిలింది.

ఇప్పుడు మా ఆయనకు షుగరు, దానివల్ల చిగుళ్ళ జబ్బు. మొన్న ఆయన చిగుళ్ళ సందుల్లో జిగురు లాంటి మందు పెట్టారు. ఇంటికి రాగానే పిన్నీసు తీశాడు మహానుభావుడు! గొంతు పోయేలా అరిచాను. వినలేదు. ఆయన కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే మెకానిక్కు.

"నువ్వు వార్నిష్ పూసిన మోటారులో, అది ఆరకముందే ఎవడన్నా వేలు పెడితే ఊరుకుంటావా?" అని అడిగాను.

పిన్నీసు నా చేతికిచ్చాడు. ఎవరికైనా వాళ్ళ పనితోనే చెప్పాలని మా అమ్మ ఆరోజే నేర్పింది. ఆ సంగతి నాకు తప్పకుండా గుర్తొస్తుంది, కానీ ఎప్పుడూ గొంతు పోయాకే.