తమ్ముడి బదులు పలికిన హాజరు

ఎనభైల్లో మాట. అమలాపురంలో డిగ్రీ చదివే మా తమ్ముడికి జ్వరం. ఆ రోజు హాజరు తప్పితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఏడో తరగతి మళ్ళీ మళ్ళీ తప్పి బడి మానేసిన నేను వాడి చొక్కా తొడుక్కుని, కాంప్లెక్స్ వేరియబుల్స్ అనే లెక్కల క్లాసులో వాడి పేరుకు పలికి, చివరి బెంచీలో నక్కాను.

కొత్తగా వచ్చిన లెక్చరరుగారు బోర్డు మీద గుండ్రం గీసి నన్నే లేపారు.

"లోపల ఏ లోపమూ లేని ఫంక్షన్. ఈ గీత వెంట చుట్టి మొదటికే వస్తే మొత్తం ఎంతయ్యా?"

తోచింది అనేశాను. "సున్నా అండి."

"భేష్! ఎలా చెప్పేవు?"

"ఏడో తరగతి చుట్టూ అలాగే తిరిగేనండి. నాకు మిగిలింది అదేనండి."

క్లాసు గొల్లుమంది. ఇక దాచలేక జ్వరం సంగతి చెప్పేశాను. ఆయన కూడా నవ్వేశారు.

"హాజరు మాత్రం వెయ్యను. మీ తమ్ముణ్ణి డాక్టరు చీటీ తెమ్మను, పరీక్షకు కూర్చోబెడతాను."

ఇంటికెళ్ళగానే తమ్ముడు, "హాజరు పడిందా అన్నయ్యా?" అన్నాడు.

"చుట్టూ తిరిగొచ్చేనురా. సున్నా!"

ఆ చదువులో నాకొచ్చిన ఒక్క జవాబూ ఇంటిదాకా పనికొచ్చింది.