చంద్రుడి మీద నేను నిలబెట్టిన మనిషి

1973లో నస్పూర్‌లో, బొగ్గు బావులకు పోయే రోడ్డు మీద నాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. నేను చదివింది నాలుగో తరగతి. రాయడం ఇదే మొదలు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఆ రోజుల్లో అతుకు ఫొటోలకు గిరాకీ ఎక్కువ. చనిపోయినవాళ్ల బొమ్మను కత్తిరించి, బతికున్నవాళ్ల పక్కన అంటించి, అంచులకు రంగు వేసి మళ్లీ ఫొటో తీసేవాళ్లం. ఆ పని చేసిన కళ్లతో చూస్తే చంద్రుడి మీద మనుషులు దిగారని పేపర్లో వచ్చిన ఫొటోలు నమ్మబుద్ధి కాలేదు. ఆకాశంలో ఒక్క చుక్క లేదు. గాలి లేని చోట జెండా విప్పుకొని ఉంది.

"గిసొంటిది నేను రెండు రోజుల్ల చేస్త," అన్నాను ఒకరోజు.

"అయితే నన్నే పంపు," అన్నాడు రాజయ్య. రోజూ వచ్చి మా బెంచీ మీద కూర్చునేవాడు.

తట్టలో బొగ్గు బూడిద పరిచి, వేలితో గుంటలు చేసి ఫొటో తీశాను. రాజయ్యను విడిగా తీసి, కత్తిరించి, ఆ బూడిద మీద నిలబెట్టాను. చూసినవాళ్లంతా నవ్వారు. "వాళ్లు చేసింది గూడ గిదే," అని అందరికీ చెప్పాను.

ఆరు నెలలకు రాజయ్య అన్న మల్లయ్య జబ్బు చేసి పోయాడు. బావిలో పనిచేసేవాడు. ఆయన నౌకరీ, ఉంటున్న కంపెనీ క్వార్టర్ భార్య లచ్చమ్మకు రావాలి. పెద్దలు ఒప్పుకోక గుళ్లో చేసుకున్న పెళ్లి కాబట్టి కాగితం లేదు. పెళ్లినాడు నేను తీసిన ఫొటో ఒక్కటే ఆధారం. ఆ నౌకరీ తనకే కావాలని రాజయ్య బావి ఆఫీసుకు పోయి, జేబులోంచి చంద్రుడి ఫొటో తీశాడట.

"సార్, నేను సంద్రుని మీదికి పోయొచ్చిన్నా? గీ స్టూడియో ఆయన పంపిండు. మా అన్న పక్కన ఆమెను గూడ గాయనే నిలవెట్టిండు."

లచ్చమ్మ స్టూడియోకు వచ్చి ఈ మాట చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను నవ్వులాటకు చేసిన చెల్లె," అన్నాను.

"నువ్వు నమ్మకుంటే సంద్రునికేం గాదన్నా. నన్ను నమ్మకుంటే నా ఇల్లు పోతది."

రెండు రోజులు డబ్బాలన్నీ వెతికి ఆ పెళ్లి ఫొటో నెగెటివ్ పట్టుకున్నాను. నెగెటివ్ అంటే నలుపు తెలుపు తారుమారుగా ఉండే అసలు ఫిల్ము. ఆఫీసు క్లర్కు దాన్ని కిటికీ వెలుగులో పట్టి చూశాడు.

"అతుకుదానికి గూడ నెగెటివ్ ఉంటదా?"

"ఉంటది సార్."

"మరి గిది అతుకు కాదని ఎట్ల నమ్మాలె?"

అప్పుడు చంద్రుడి నెగెటివ్ కూడా ఇచ్చాను. నా పనితనాన్ని నేనే విప్పి చూపించాల్సి వచ్చింది. రాజయ్య కాళ్ల చుట్టూ కత్తెర గీత, దాన్ని కప్పిన బ్రష్ మరకలు కనిపించాయి. పెళ్లి ఫొటోలో అవి లేవు. లచ్చమ్మ పల్చటి కొంగు మల్లయ్య చేతి మీద పడి ఉంది. ఆ కొంగులోంచి ఆయన చొక్కా చారలు కనిపిస్తున్నాయి. కత్తిరించి అంటించిన కొంగులోంచి అట్లా కనిపించవు.

"సంద్రుని మీదికి మనిషిని పంపినోనివి, నీకు గీ కొంగు అతికియ్యరాదా?" అన్నాడు క్లర్కు.

నౌకరీ కోసం వచ్చిన రాజయ్య పక్కనే నిలబడి నా వైపే చూస్తున్నాడు.

"రాదు సార్," అన్నాను.

క్లర్కు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం మీద లచ్చమ్మ పేరు రాశాడు. ఆమెకు ఆఫీసులోనే నీళ్లు పోసే పని ఇచ్చారు. ఇల్లు నిలబడింది.

చంద్రుడి సంగతి నాకు ఇప్పటికీ అనుమానమే. కానీ అబద్ధం ఎట్లా తయారుచేయాలో తెలిసినంత మాత్రాన ఎదురుగా ఉన్నదల్లా అబద్ధం అయిపోదని ఆ కిటికీ దగ్గర తెలుసుకున్నాను. అప్పటినుంచి ప్రతి అతుకు ఫొటో వెనక "అతికించినది" అని రాసి ఇచ్చాను. పోయిన కొడుకు పక్కన తనను నిలబెట్టమన్న తల్లి ఒకామె, రాయొద్దని బతిమాలింది. ఆమెకు కూడా రాశాను, చిన్న అక్షరాలతో.