షమీమ్ బాగుచేసిన చామంతి నేల

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. అప్పట్లో నేను కల్వకుర్తి ప్రాంతంలో జీవ ఎరువులు తయారుచేసే ల్యాబ్ తరఫున పొలాలు తిరిగేవాణ్ని. కౌలు నేలలో చామంతి వేసిన షమీమ్ అనే ఆమె ఓ పొద్దున మొక్కను వేళ్లతో సహా పట్టుకొచ్చింది.

"నీళ్లు పెట్టినా వాడుతున్నయ్ సార్. ఏంది రోగం?"

కాండం చీల్చాను. లోపల గోధుమరంగు చారలు. ఫ్యుజేరియం విల్ట్. నేలలోని శిలీంధ్రం వేళ్లలోంచి దూరి, మొక్కకు నీళ్లందే దారిని మూసేసే ఎండు తెగులు. ఆ నేలలో ఏళ్లుగా ఇదే గోల. అందుకే ఆసామి వెంకటయ్య దాన్ని అడగ్గానే కౌలుకిచ్చాడు.

సూడోమోనాస్ వాడమన్నాను. మేలుచేసే బ్యాక్టీరియా అది; వేళ్లను అంటిపెట్టుకుని శిలీంధ్రానికి చోటివ్వదు. మాగిన పశువుల ఎరువులో కలిపి నీడన తడిగా ఉంచితే వృద్ధి చెందుతుంది. తెగుళ్లకు కొట్టే రాగి మందు తగిలితే మాత్రం చచ్చిపోతుంది.

"ఎండినవి బతకవమ్మా. పీకి కాల్చెయ్యి. కొత్త నారు వేళ్లు ఈ మందు కలిపిన నీళ్లలో ముంచి నాటు."

"గీసారి గూడ పోతే నాకు నేల ఎవరిస్తరు సార్?" అంటూనే ఒప్పుకుంది. నీళ్లు నిలవకుండా బోదెలు ఎత్తుగా పోసింది. ఎరువంతా గంపలతో తనే మోసింది. మొదటి పంట సగం దక్కింది. రెండో పంటకు చేనంతా పసుపు పచ్చగా విరిసింది. "జర వచ్చి చూడుండ్రి సార్" అని ఫోన్లో ఆమె నవ్వుతుంటే నాకూ గర్వంగా అనిపించింది.

మూడో పంటకు నారు సిద్ధమైన రోజుల్లో వెంకటయ్య గట్టు మీదికొచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"మా పిల్లగాడు పూలతోట పెడ్తడంట. నువ్వు ఖాళీ చెయ్యి."

"సచ్చిన నేలనిచ్చి, బతికినంక గుంజుకుంటవా పటేలా?"

"నేల నాది గాదా?"

ఈ ఒక్క పంటైనా తీసుకోనివ్వమని బతిమాలాను. "మీరు మందుల సంగతి చూసుకోండ్రి సార్" అన్నాడు. కౌలు నోటిమాటే, కాగితం లేదు. నాటే చోటు లేక ఆమె నారు టార్పాలిన్ కింద ఎండిపోయింది. ఆ సీజన్లోనే వెంకటయ్య మా ల్యాబ్‌కు వచ్చి అదే బ్యాక్టీరియా కొనుక్కుపోయాడు. అతని తోటలో పూలు కోసే కూలీల్లో షమీమ్ కనిపించింది. పలకరిస్తే పూలు కోసుకుంటూ పక్క సాలులోకి జరిగింది.

నేల కోలుకోవడానికి కొన్ని పంటల కాలం పడుతుంది. నోటిమాట కౌలు అంతకాలం నిలవదని నాకు తెలిసొచ్చింది అక్కడే. ఇప్పుడు కౌలురైతు ఎవరొచ్చినా మొక్కను చూడకముందే కౌలు కాగితం రాసుకున్నారా అని అడుగుతాను. చాలామంది లేదనే అంటారు. ఆ నేల వచ్చే ఏడు వాళ్లకు ఉంటుందో లేదో తెలియకుండానే, దాన్ని బాగుచేసే మందు వాళ్ల చేతిలో పెడుతుంటాను.