కెంపమ్మ బల్లలు

అడగడం శశికళకు బాగా చేతనైన పని. బాగేపల్లి బజారులో ఆమె ఏ అంగడి మెట్లెక్కినా, "ఈ తూరి ఏం మేడమ్, పలకలా చెప్పులా?" అని యజమానులు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వి, కావలసింది అడిగేది.

పాతపాళ్య దాటాక వచ్చే ఎర్రగుట్లపల్లి సర్కారు బడిలో ఆమె తొమ్మిదేళ్లుగా హెడ్ మిస్సు. ఒకటి నుంచి ఐదు దాకా ఇరవై ముగ్గురు పిల్లలు, రెండు గదులు. గోడ గడియారం ఫోటో స్టూడియో వాళ్లిచ్చింది. నీళ్ల ఫిల్టరు మందుల షాపు వాళ్లది. ఫ్యాను రెక్కల మీద ఒక ఎరువుల వ్యాపారి తల్లి పేరు తిరుగుతుంటుంది. ఇచ్చినవాళ్ల పేరు కనబడితేనే ఇంకొకరు ఇస్తారని ప్రతి వస్తువు మీదా ఆమే దగ్గరుండి పేరు రాయించేది.

అనుభవం మీద ఇంకొకటి కూడా నేర్చుకుంది. ఒకసారి పిల్లలు నవ్వుతూ నిలబడిన ఫోటో పదిమందికి పంపితే ఒక్కరూ పలకలేదు. సిమెంటు సంచి మీద కూర్చుని రాసుకుంటున్న పిల్లవాడి ఫోటో పంపితే రెండు రోజుల్లో అందరికీ బూట్లు వచ్చాయి. అప్పటినుంచి ఎవరైనా చూడటానికి వస్తున్నారంటే గడియారం తీసి బీరువాలో పెట్టేది. అబద్ధమని ఎప్పుడూ అనుకోలేదు. ఏం చూపించాలో చూపిస్తున్నాను, అంతే అనుకునేది.

ఈసారి కావలసింది పైకప్పు. రెండో గది మంగళూరు పెంకులది, వాసాలు పుచ్చిపోయాయి. జూన్ లోపల బాగు చేయకపోతే గదికి తాళం వేయాలని ఇంజనీరు రాసిపోయాడు. తాళం పడితే అయిదు తరగతులూ ఒకే గదిలో. అప్పుడు ఊళ్లోవాళ్లు పిల్లల్ని బాగేపల్లి ప్రైవేటు బడి వ్యానెక్కిస్తారు. పదిమంది తగ్గినా బడి మూతపడేదే.

బెంగళూరు కంపెనీ ఒకటి బళ్లకు సాయం చేస్తుందని తెలిసి ఆరునెలలు వెంటబడింది. చివరికి నవంబరులో ఒక సోమవారం వస్తామన్నారు. ఆదివారం సాయంత్రం ఆమె పన్నెండు బల్లలూ పాల డైరీ వెనక గదిలోకి మోయించింది.

అవి చింతామణి టొమోటో మండీలో వ్యాపారం చేసే వెంకటరాయప్ప ఇచ్చిన బల్లలు. ఆయన భార్య కెంపమ్మ ఈ ఊరి ఆడబిడ్డ. ఈ బడిలోనే నేల మీద కూర్చుని మూడో తరగతి దాకా చదివింది. ఆమె చనిపోయిన ఏడాదే ఆయన పచ్చరంగు వేయించిన బల్లలు తెచ్చి దించాడు. వాటి వెనక తెల్లటి కన్నడ అక్షరాల్లో ఆమె పేరుంది. ఏటా ఆమె తిథి నాడు వచ్చి, ముందు వరసలో ఒక బల్లకు కుంకుమ పెట్టి, పూలు పెట్టి, పిల్లలకు మిఠాయి పంచి వెళ్తాడు.

బల్లలు మోస్తుంటే పిల్లలకు మధ్యాహ్నం బిసియూట వండే తిమ్మక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"పెండ్లిచూపులంటే అందురూ పక్కింట్లో కుర్చీలు తెచ్చుకుంటారు. మనమేమో ఉండేవి దాస్తాండాము!"

"ఒక్క పూటే తిమ్మక్కా. రేపు సాయంత్రానికి మళ్లీ తెచ్చేద్దాం."

"ఆయప్ప వస్తే?"

"ఇంకా పదకొండు రోజులుంది. పోయినేడు వచ్చిన తేదీ రాసి పెట్టుకున్నాను."

రాసుకున్నది ఇంగ్లీషు తేదీ. తిథి ఈ ఏడు పదకొండు రోజులు ముందుకొచ్చింది.

సోమవారం పొద్దున కంపెనీ తరఫున అమరనాథ్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. "మాది గుడిబండె మేడమ్, నేనూ ఇట్లాంటి బళ్లోనే చదివినా," అంటూ చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. శశికళ పగిలిన పెంకులు చూపించింది, పుచ్చిన వాసం చూపించింది. అతను తల ఊపాడు కానీ ఫోటోలన్నీ చాప మీద వంగి రాసుకుంటున్న పిల్లలవే తీశాడు.

అప్పుడే వాకిట్లో టెంపో ఆగింది. వెంకటరాయప్ప ఉతికిన పంచె కట్టుకుని, ఒక చేతిలో మిఠాయి పెట్టె, ఇంకో చేతిలో పూల పొట్లం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే నిలబడిపోయాడు. బల్లలుండే చోట నేల మీద వాటి కాళ్ల గుర్తులు నాలుగేసి, వరసగా.

"ఎవురు మేడమ్, ఈ పెద్దాయన?" అన్నాడు అమరనాథ్.

"ఊరి అల్లుడు," అంది శశికళ. అది నిజమే.

రెండో తరగతి నయన మోకాళ్ల మీద లేచింది. "తాతా, నీ బల్లలు..."

శశికళ ఆ పిల్లవైపు చూసింది. అంతే. నయన నోరు మూసుకుని కూర్చుంది.

అమరనాథ్ మర్యాదగా అడిగాడు. "తాతా, ఈ బడికి మొదట్నుంచీ బల్లలు లేవా?"

వెంకటరాయప్ప శశికళ మొహం చూశాడు. పైకి, పెంకుల సందుల్లోకి చూశాడు.

"లేవప్పా," అన్నాడు.

అమరనాథ్ కారు మలుపు తిరిగేదాకా ఆయన వేపచెట్టు కింద నిలబడే ఉన్నాడు.

"యాడుండాయమ్మా?"

"డైరీలో అప్పా. కప్పు కోసం... మీరు ఈ పొద్దు వస్తారనుకోలేదు."

"ఒక ఫోన్ చేసింటే రాకుండా నిలిచిపోయేవాణ్ణి గదమ్మా. తిథి ఇంట్లోనే చేసుకుంటాంటి." డైరీ వైపు తిరిగాడు. "నిన్ను అనేదేముండాది. లేవని అనింది నా నోరు."

డైరీ గదిలో ఒకదాని మీద ఒకటి ఎత్తిపెట్టిన బల్లల్లో చేతికందిన దానికి కుంకుమ పెట్టి, పూలు పెట్టాడు. మిఠాయి పెట్టె తిమ్మక్కకిచ్చి టెంపో ఎక్కాడు. ఆ మధ్యాహ్నం తిమ్మక్క మిఠాయి పంచిందే కానీ శశికళతో ఒక్క మాట మాట్లాడలేదు.

నెల తిరిగేలోపు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లలు నేల మీద కూర్చుంటున్న దుస్థితి చూసి ఇరవై బల్లలు మంజూరు చేస్తున్నామని అందులో ఉంది. పైకప్పు మాటే లేదు.

ఆమె మూడుసార్లు చదివింది. సాయంత్రం బస్టాండులో ఒక పక్కకు వెళ్లి అమరనాథ్‌కు ఫోన్ చేసింది. "బల్లలున్నాయి సార్. మేమే దాచాము. వాటికి బదులు కప్పు వేయించండి," అంది.

అమరనాథ్ గొంతు తగ్గించాడు.

"మేడమ్, మీరీ మాట చెప్పలేదు, నేను వినలేదు. ఫోటోలు పెట్టి రిపోర్టు రాసింది నేను. నా ఉద్యోగం పోతుంది. బల్లలు తీసుకోండి. వచ్చే ఏడు కప్పు సంగతి నేను చూస్తా. మా పెద్ద మేడమ్ ప్రారంభానికి వస్తారు, ఆ పూట ఆ పాతవి మాత్రం కనబడనీయద్దండి."

ఫిబ్రవరిలో నీలం బల్లలు దిగాయి. మంచి గది వాటితోనే నిండిపోయింది. పచ్చవి పెంకుల గదిలో ఉన్నాయి. ప్రారంభానికి ముందురోజు తిమ్మక్క కొంగు బిగించి వచ్చి, "డైరీకేనా?" అని అడిగింది.

శశికళ ఆ బల్లల దగ్గర చాలాసేపు నిలబడింది. జూన్‌కు నాలుగు నెలలుంది. ఈ కంపెనీ తప్ప ఆమె చేతిలో ఇంకెవరూ లేరు. చింతామణిలో వెంకటరాయప్పకు ఫోన్ చేసి రెండు నెలలు దాటింది, అటువైపు ఎత్తలేదు.

"వద్దు. ఉన్నచోటే ఉండనీ."

"కప్పు?"

శశికళ పక్కకు జరిగిన ఒక బల్లను వరసలోకి నెట్టింది.

మర్నాడు పెద్ద మేడమ్ రిబ్బను కత్తిరించి, నీలం బల్లల మీద పిల్లలతో ఫోటో దిగి, రెండో గది కూడా చూస్తానని తనంతట తానే నడిచింది. అమరనాథ్ వెనకనే వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఆమె ఒక పచ్చబల్ల వెనక ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివి, దాని మీద కూర్చున్న నయన వైపు వంగింది.

"కెంపమ్మ ఎవరమ్మా? ఈ బల్లలు ఎప్పటినుంచి ఉన్నాయి?"

నయన తల తిప్పి శశికళ మొహం చూసింది.

"చెప్పు నయనా," అంది శశికళ. "నీకు తెలిసింది చెప్పు."

ఆ పిల్ల నోరు విప్పలేదు. ఆ మాట మిస్సు నిజంగానే అందా లేదా అన్నట్టు ఆమె మొహంలోకే చూస్తూ ఉంది.